పన్నెండో గుంత

సిద్ధవటం దాటినాక
ఫారెస్టోళ్ల గొలుసు కాడ
ముందు సంచులు కుమ్మరించినారు.
రెండు దుప్పట్లు, సంగటి ముద్దలు, ఊరిమిండి డబ్బా,
మహబూబ్ పీరా సారు నోటుబుక్కు.
తర్వాత నన్ను చేతులు చాపమన్నారు.
అరచేతుల్లో కాయలు చూసి
గార్డు కండ్లు చిన్నవైనాయి.
"గొడ్డలా?"
"సమ్మెట" అన్నా.
ఎర్రగుంట్ల క్వారీలో గోరు పోగొట్టుకున్న బొటనవేలు
పైకెత్తి చూపించినా.
ఆధార్ కార్డు కంటే అదే బాగా పనిచేసింది.

లంకమల దూరానికి నీలం.
దగ్గరికి పోతే తుప్పు.
ఎక్కేటప్పుడు రంగేమీ ఉండదు, ఆయాసమే.

గుర్రప్ప ముందు నడుస్తాడు.
నలభై ఏండ్లు మేకల వెనక నడిచిన మనిషికి
ముందు నడవడం చేతకావడం లేదు.
మాటిమాటికీ వెనక్కి తిరిగి
మమ్మల్ని లెక్కపెడతాడు.
ఉండేదే ఇద్దరం.

సారు రాజుల పేర్లు చెప్తా వచ్చినాడు
ఎవురి తర్వాత ఎవురు, ఎవురిని ఎవురు చంపిందీ.
ఏటవాలు పెరిగేకొద్దీ రాజులు తగ్గిపోయినారు.
మూడో మలుపు కాడ
వంశమే అంతరించింది.

రేత్రికి ఎండిన వంకలో పడుకున్నాం.
గుర్రప్ప చేత్తో ఇసుక తోడి చెలమ తీసినాడు.
అప్పిచ్చినోడు నవ్వినట్టు
కొంచెం కొంచెంగా ఊరినాయి నీళ్లు.
నడిజాములో పొదల్లో ఏదో పిట్ట కూసింది, రెండే సార్లు.
"కలివికోడేమో" అన్నాడు గుర్రప్ప.
సారు టార్చి పట్టుకొని లేచి కూర్చున్నాడు తెల్లార్లూ.

రెండో దినము మెట్లు దొరికినాయి.
నడుమ అరిగి, గిన్నెల మాదిరి గుంటలు పడిన మెట్లు.
సారు వంగి పాదాల జాడ చూసినాడు.
నేను వంగి పొర చూసినా.
ఇది మా నాపరాయి కాదు.
మా రాయి ఓళిగ మాదిరి పొరలు పొరలుగా లేస్తాది,
అడిగితే ఇస్తాది.
ఇది మొండిది.
కొడితే నిప్పురవ్వలేసి తిట్టే జాతి.

మూడో దినము మిట్టమధ్యాన్నం కోట.
తలుపు లేని వాకిలి,
మోకాలెత్తు గోడ, నడుమెత్తు బోదగడ్డి.
నిధుల కోసం వచ్చినోళ్లు
నంది కడుపు పగలగొట్టినారు.
లోపల కూడా రాయే.

సారు టేపు పట్టి కొలుచుకుంటాంటే
నేను గోడ వెనక్కి పోయినా.
ఇంత గోడ ఉందంటే
దీని కన్నతల్లి యాడో ఉండాల కదా.

ఉంది.
బలుసు పొదల కింద పరుపుబండ,
దాని మీద వరసగా ఉలిగుంతలు.
జానెడు జానెడు ఎడం.
ఎండు కొయ్య చీలలు దిగ్గొట్టి, నీళ్లు పోసి,
రేత్రంతా వదిలేస్తే
పొద్దునకు రాయి తనంతట తానే విచ్చుకోవాల.
మా తాత చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ణి కాదు.
లెక్కపెట్టినా. పదకొండు.
పన్నెండోది గోరెత్తు లోతు, అంతే.

"శత్రువు దండెత్తుంటాడు" అన్నాడు సారు.
"నీళ్లయిపోయుంటాయి" అన్నాడు గుర్రప్ప.

గుంత అంచు తడిమినా.
ఎడమ పక్కకు జారింది దెబ్బ.
మొన మొద్దుబారితే అట్లే జారుతాది.
ఉలి కాల్పించుకొని వస్తానని
కొండ దిగిపోయినాడు, ఎవురో,
నా మాదిరే మేస్త్రీతో తిట్లు తింటా.
సమ్మెట మాత్రం
తిరిగొచ్చేవాడు పెట్టినట్టు
యాడో నీడలో పెట్టిపోయుంటాడు.

ఆ సంగతి సారుతో చెప్పలా.
ఆయన నోటుబుక్కులో
దండయాత్ర అప్పుడే దిగిపోయింది.

నా సీసాలో ఉన్న నీళ్లు
పదకొండు గుంతల్లో పోసినా.
ఎండకు కాగిన బండ
సుయ్యిమని తాగింది.
పన్నెండో దాంట్లో పోస్తే నిలవలా,
పక్కకు జారి మట్టిలో కలిసినాయి.

"దిగేదాకా ఏం తాగుతావు, పిచ్చోడా!"
గుర్రప్ప కేకలేసినాడు.

దోవ పొడుగునా తిడతానే ఉన్నాడు,
మధ్య మధ్య వెనక్కి తిరిగి
మమ్మల్ని లెక్కపెడతా.